సున్నాలు చూసి పిండి కొనకండి

శ్రోతలకు నమస్కారం.

మా బావమరిది షిప్పులో పని చేస్తాడు. పోయిన వేసవిలో సెలవుకి విశాఖ వచ్చినప్పుడు సూట్‌కేసులోంచి కిలో పిండి పాకెట్ ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. జెనోవా రేవులో కొన్నాడట. పాకెట్ మీద ఇంతింత సైజులో రెండు సున్నాలు. "బావా, ఇది అసలు సిసలు ఇటలీ పిండి. ఇక పిజ్జా కోసం బీచ్ రోడ్డుకి వెళ్లక్కర్లేదు" అన్నాడు.

సరేనని ఆ ఆదివారమే పిండి కలిపాను. మూడు గంటలు పొంగనిచ్చాను. ఓటీజీని, అంటే మా ఇంట్లోని చిన్న కరెంటు ఓవెన్‌ని, 250 డిగ్రీలకి పెట్టాను. అంతకు మించి దాని నాబ్ తిరగదు. ఐదు నిమిషాలు చూశాను, తెలుపు. ఎనిమిది నిమిషాలు, ఇంకా తెలుపే. పన్నెండో నిమిషంలో బయటికి తీస్తే పైన చీజు మాడింది, అంచు మాత్రం సున్నం కొట్టిన గోడలా ఉంది. మా అమ్మ వేలితో తట్టి చూసి, "ఏట్రా ఇది, కొబ్బరి చిప్పలా ఉంది" అంది.

నాకు రోషం వచ్చింది. తప్పు పిండిదా, నాదా తేల్చుకోవాలని కూర్చున్నాను. ఇద్దరిదీ కాదు, పొయ్యిది.

ముందు ఆ సున్నాల సంగతి. మనం రెండు సున్నాలంటే ఏదో మేలురకం అనుకుంటాం. అవి చెప్పేది పిండి ఎంత తెల్లన అనే. గోధుమ పొట్టులో ఖనిజాలు ఉంటాయి. పిండిని పూర్తిగా కాలిస్తే అవి బూడిదగా మిగులుతాయి. పొట్టు ఎంత తక్కువ కలిస్తే బూడిద అంత తక్కువ. ఇటలీలో 2001 నాటి నిబంధన ప్రకారం తేమ తీసేసి లెక్కేస్తే, వంద గ్రాముల రెండు సున్నాల పిండిలో బూడిద 0.55 గ్రాములు దాటకూడదు. ఒక్క సున్నా పిండికి 0.65. ప్రోటీన్ కనీసం ఎంత ఉండాలో కూడా ఆ నిబంధన చెబుతుంది, కానీ అది అడుగు హద్దు మాత్రమే. పిండి ముద్ద సాగినా, పులిసినా తట్టుకునే బలం ఎంతో సున్నాలు చెప్పవు. కేకు చేసే మెత్తటి పిండి మీదా రెండు సున్నాలు ఉండొచ్చు, రెండు రోజులు పులిసినా నిలబడే గట్టి పిండి మీదా ఉండొచ్చు.

మరి బలం ఎక్కడ తెలుస్తుంది? అక్కడి మిల్లుల వాళ్లు పిండి ముద్దని బుడగలా ఊది, పగిలేదాకా ఎంత ఓర్చుకుందో కొలుస్తారు. ఆ అంకెని డబ్ల్యూ అంటారు. ఇటలీలోని నేపుల్స్ నగరం తరహా పిజ్జాకి 250 నుంచి 320 దాకా ఉన్న పిండి వాడుతుంటారు. ఇంట్లో వాడే చిన్న పాకెట్ల మీద ఆ అంకె చాలాసార్లు ఉండదు. కానీ వెనక చిన్న అక్షరాల పట్టికలో ప్రోటీన్ ఉంటుంది. అది చూడండి. సున్నాలు కాదు, ప్రోటీన్.

నమ్మకం కుదరకపోతే నేను చేసిన పని చేయండి. ఇటలీ పిండి వంద గ్రాములు, మా వీధి చివర కొట్లో కొన్న మైదా వంద గ్రాములు విడివిడిగా నీళ్లు పోసి చపాతీ పిండిలా పిసికాను. అరగంట నీళ్లలో ముంచి ఉంచాను. తర్వాత సన్నటి కుళాయి ధార కింద పట్టుకుని మెల్లగా పిసుకుతూ పోయాను. నీళ్లు పాలలా కారతాయి. కారి కారి చివరికి తేటబడతాయి. అప్పుడు చేతిలో మిగిలేది బూడిదరంగు జిగురు ముద్ద, సైకిల్ ట్యూబులా సాగుతుంది. అదే గ్లూటెన్, పిండిలోని ప్రోటీన్ నీళ్లతో కలిసి కట్టే జిగురు; పిండికి బలం దాని వల్లే. తూకం వేస్తే ఇటలీ పిండిది 34 గ్రాములు, మైదాది 27. రెండోది లాగితే తొందరగా తెగింది. మా అమ్మ రెండూ పట్టుకు చూసి, "బొబ్బట్లకి మైదా నూనెలో నానబెట్టేది ఈ జిగురు కోసమే కదరా" అంది. నేను ఆదివారమంతా కూర్చుని తెలుసుకున్నది ఆవిడకి ఎప్పటినుంచో తెలుసు.

ఇక పొయ్యి. నేపుల్స్‌లో కట్టెల పొయ్యి వేడి 430 డిగ్రీలు దాటుతుంది. పిజ్జా నిమిషం, నిమిషంన్నరలో బయటికి వచ్చేస్తుంది. అంత మంటలో త్వరగా మాడకూడదని ఆ పిండిలో సాధారణంగా మాల్టు, అంటే త్వరగా రంగు తెచ్చే మొలకెత్తిన గింజల పొడి, కలపరు. అదే పిండిని మన 250 డిగ్రీల పెట్టెలో పన్నెండు నిమిషాలు ఉంచితే ఎర్రబడేలోపే తేమంతా పోతుంది. నాకు వచ్చిన కొబ్బరి చిప్ప కథ ఇదే.

కాబట్టి నా సలహా ఒక్కటే. ఇంట్లో ఓటీజీయే ఉంటే, సాయంత్రానికి తినాలనుకుంటే, ఇటలీ పిండికి డబ్బులు పోయకండి. వంద గ్రాములకి ప్రోటీన్ 11 గ్రాముల దగ్గర ఉన్న మైదా తీసుకోండి. పావు కిలోకి అర చెంచా పంచదార, ఒక చెంచా నూనె వేయండి. రంగూ వస్తుంది, మెత్తదనమూ వస్తుంది. ఫ్రిజ్‌లో రెండు రోజులు పులియబెట్టే ఓపిక ఉంటే మాత్రం ప్రోటీన్ 12 దాటిన పిండి కొనండి. తక్కువ బలం పిండి అన్నాళ్లు ఆగదు, జారిపోతుంది. అప్పుడు కూడా పాకెట్ వెనక చూసే కొనండి. సున్నాలు కాదు, ప్రోటీన్.

మన ఊళ్లో ఇంకో చిక్కు ఉంది. సముద్రపు గాలికి డబ్బాలో ఉప్పే చెమ్మగిల్లుతుంది, పిండి ఊరుకుంటుందా? తెరిచిన పాకెట్ గట్టి మూత డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. లేకపోతే పురుగు పడుతుంది. కలిపేటప్పుడు నీళ్లన్నీ ఒకేసారి పోయకుండా కొంచెం ఆపి చూసుకోండి. మే నెలలో అయితే చల్లటి నీళ్లే పోయండి, ఈస్టు సగానికి తగ్గించండి. వేడి దేశాల వంటకి గడియారం కన్నా వేలు నమ్మకం.

అన్నట్టు, నా దగ్గర మిగిలిన అరకిలో ఇటలీ పిండిని అమ్మ ఉగాదికి బొబ్బట్లలో వాడేసింది. పొర ఎంత పల్చగా వచ్చిందంటే లోపల పూర్ణం పచ్చగా కనిపించింది. ఈ సంగతి మా బావమరిదికి ఇంకా చెప్పలేదు.