రాకెట్‌కి రంగు కంటే ముందు లప్పం

[ఎర్ర రంగు వేసిన అట్ట గొట్టం, కెమెరాకి బాగా దగ్గరగా]

ఈ గీత కనబడుతోందా? గొట్టం చుట్టూ తీగలా అల్లుకుంటూ కింది నుంచి పైదాకా పోయింది. దీని మీద ఇప్పటికే మూడు కోటింగులు పడ్డాయి. "ఇంకో రెండు వేస్తే అదే కప్పుకుపోతుంది కదా" అంటారు చాలామంది. ఈ మాట విన్నప్పుడల్లా నాకు నిజంగా బాధేస్తుంది. కిట్ కొనకుండా, నెల రోజులు కూర్చుని బాల్సా చెక్క కోసి, రెక్కలు అతికించి, సొంతంగా చిన్న మోడల్ రాకెట్ తయారుచేసినవాళ్లు చివరికి ఈ ఒక్క మాట నమ్మి దాన్ని పాడుచేసుకుంటున్నారు.

ఇల్లు కట్టినప్పుడు ఏం చేస్తారు? ప్లాస్టరింగ్ ఆరగానే రంగు డబ్బా తెరవరు. ముందు లప్పం పెడతారు. ఆరాక ఉప్పుకాగితంతో రుద్దుతారు. అనుభవమున్న పెయింటర్ బల్బు తెచ్చి గోడకి పక్కనుంచి పట్టి, ఎక్కడ గుంట ఉందో చూసి మళ్లీ లప్పం పెడతాడు. ఆ తర్వాతే ప్రైమర్, ఆ తర్వాతే రంగు. రాకెట్ కూడా అచ్చం అంతే.

మన గొట్టం కాగితాన్ని ఏటవాలుగా చుట్టి చేసింది. ఆ చుట్టు చుట్టుకీ మధ్య ఉండే సందే ఈ గీత. రంగు పలచటి పొరలా పడుతుంది కాబట్టి అది గట్టు మీదా గుంటలోనూ దాదాపు ఒకే మందాన పరుచుకుంటుంది, గుంటని నింపదు. పైగా రంగు ఎంత నిగనిగలాడితే వెలుగు అంత సూటిగా తిరిగొచ్చి గీత అంత స్పష్టంగా కనబడుతుంది. మెరిసే రంగు ఏ లోపాన్నీ దాచదు.

కాబట్టి లప్పం. వుడ్ ఫిల్లర్‌లో కొంచెం నీళ్లు కలిపి అట్ల పిండిలా చేసుకోండి. గీత పొడవునా పూయండి. ఆరాక 220 నంబరు కాగితంతో, తర్వాత 400తో రుద్దండి. పెట్టిందంతా దాదాపు రాలిపోవాలి, సందులో ఉన్నది మాత్రం మిగలాలి. గొట్టం కాగితం నూగులా లేస్తోందంటే ఎక్కువ రుద్దేశారని అర్థం, అక్కడే ఆపేయండి.

[టేబుల్ లైటు గొట్టానికి పక్కనుంచి పడుతూ]

ఇదిగో, పెయింటర్ బల్బు. గొట్టాన్ని మెల్లగా తిప్పండి. నీడ పడిన చోటల్లా ఇంకోసారి లప్పం.

రెక్కల సంగతి వేరు. అవి గోడలు కావు, తలుపులు. తలుపు చెక్కకి పాలిష్ పెట్టేముందు సీలర్ కొడతారు, చూశారా? బాల్సా అంతకంటే మెత్తన, దాని రంధ్రాలు రంగుని తాగేస్తాయి. పలచటి ఫిల్లర్ గానీ సీలర్ గానీ పూసి, రుద్ది, మళ్లీ పూయండి. చెక్క గీతలు వేలికి తగలనంత వరకూ ఇదే పని. విసుగొచ్చే పనే, కానీ మొత్తంలో నాకు బాగా ఇష్టమైంది ఇదే. చెక్క ముక్క కాస్తా లోహపు రేకులా మారడం వేలి కింద తెలుస్తుంది.

తర్వాత ప్రైమర్. దాని మీద తెలుపు. పసుపు, నారింజ లాంటి రంగులు కింద తెలుపు లేకపోతే మురికిగా కనబడతాయి. డబ్బాని ఒక జానెడు కంటే కాస్త దూరంగా పట్టుకోండి. స్ప్రే రాకెట్‌కి బయట మొదలై బయటే ఆగాలి. పలచగా, నాలుగుసార్లు. తడి గోడకి ఎవరూ రంగు వేయరు కదా, ఇక్కడ గాలి తడి చూసుకోవాలి. నేనుండేది హ్యూస్టన్‌లో, ఉక్కపోత విషయంలో విశాఖపట్నానికి దగ్గరి చుట్టం. తేమ ఎక్కువున్న రోజు లాకర్, అంటే త్వరగా ఆరిపోయే రకం రంగు, కొడితే పైన తెల్లగా పొగ పట్టినట్టు అవుతుంది. ఇంకోటి, ఎనామిల్ (నెమ్మదిగా గట్టిపడే రకం రంగు) మీద లాకర్ కొట్టకండి, కింది రంగు ముడతలు పడి లేస్తుంది.

ఇప్పుడు సింగారం. ఇక్కడి జాన్సన్ స్పేస్ సెంటర్‌లో శాటర్న్-5 రాకెట్‌ని పడుకోబెట్టి ఉంచారు. నిలబెడితే దాదాపు 110 మీటర్లు. దాని మీది నలుపు తెలుపు పట్టీలు అందం కోసం వేసినవి కావు. పైకి వెళ్తూ రాకెట్ తన చుట్టూ తాను ఎంత తిరుగుతోందో కెమెరాల్లో తెలియడానికి వేశారు. 1942 అక్టోబరు 3న జర్మనీలో ఎగిరిన ఎ-4 రాకెట్ మీదా ఇలాంటి గళ్లే ఉన్నాయి. మీరూ ఒక్క రెక్కకి వేరే రంగు వేయండి. వీడియో నెమ్మదిగా చూస్తే మీ రాకెట్ తిరుగుతోందో లేదో తెలిసిపోతుంది. నాకు ఏ స్టిక్కర్ కంటే ఆ ఒక్క రెక్కే అందం.

పట్టీ అంచు పదునుగా రావాలంటే మాస్కింగ్ టేపు అతికించి, అంచుని గోటితో గట్టిగా రుద్దండి. తర్వాత నేరుగా నలుపు కాదు, ముందు ఆ అంచు మీద మళ్లీ తెలుపే కొట్టండి. టేపు కిందికి కారితే కారేది తెలుపే, అది తెలుపులో కలిసిపోతుంది. అది ఆరాక నలుపు. ఆ నలుపు పూర్తిగా గట్టిపడకముందే టేపుని వెనక్కి మడుస్తూ లాగేయండి.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. నీటి డెకాల్స్, అంటే నీళ్లలో నానబెట్టి అతికించే పలచటి బొమ్మలు, నున్నటి రంగు మీదే అతికించండి, గరుకు మీద వేస్తే కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది. అన్నిటి మీదా వేసే రంగులేని పూత, క్లియర్ కోటు, ముందు ఒక అట్టముక్క మీద కొట్టి చూసుకోండి. డెకాల్స్ మీద మొదటి రెండుసార్లు పొడి చల్లినంత పలచగానే. గొట్టం లోపలా, ముక్కు (నోస్ కోన్) గొట్టంలోకి దిగే భాగం మీదా రంగు పడకూడదు. పడితే బిగుసుకుపోయి పారాషూట్ బయటికి రాదు.

అన్నిటికంటే ముఖ్యం, బరువు. లప్పం పోలిక ఇక్కడ పనిచేయదు. గోడకి ఎంత రంగు పట్టించినా ఇల్లు ఎక్కడికీ ఎగరదు. స్పేస్ షటిల్ పెద్ద ఇంధన ట్యాంకుకి 1981లో మొదటి రెండు ప్రయాణాలకీ తెల్లరంగు వేశారు. 1982లో మూడోసారి నుంచి మానేశారు. దాదాపు 270 కిలోలు తగ్గింది. మన దగ్గర రంగు ఎక్కువ పట్టేది రెక్కలకి, అవి ఉండేది తోక దగ్గర. అందుకే రంగయ్యాక సీజీ, అంటే రాకెట్ బరువు సమంగా తూగే చోటు, వెనక్కి జరుగుతుంది. అది సీపీకి, అంటే గాలి ఒత్తిడంతా కలిసి పనిచేసే చోటుకి, ముందు, కనీసం గొట్టం వ్యాసమంత దూరంలో ఉండాలి.

[మోటారు, పారాషూట్ పెట్టిన రాకెట్‌ని దారానికి వేలాడదీస్తూ]

రంగుకి ముందు నా సీజీ ముక్కు నుంచి 31 సెంటీమీటర్లు. ఇప్పుడు... 32. సీపీ 38 దగ్గర. తేడా 6, గొట్టం వ్యాసం 4.2. సరిపోయింది. సరిపోకపోతే ముక్కులో కాస్త బంకమట్టి పెట్టేదాన్ని. శనివారం గాలి తక్కువుంటే ఎగరేస్తున్నాం, ఆ రంగు రెక్క ఎలా తిరిగిందో వచ్చే వీడియోలో చూపిస్తాను.