మూత్రంలో పురుగుమందు జాడ

అందరికీ నమస్కారం. ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు ఇంతమంది వచ్చారు కాబట్టి మీ చేతుల మీదుగా జరిగే పని గురించే మాట్లాడతాను.

పత్తికో మిరపకో మందు కొట్టి వచ్చిన మనిషిని అడిగితే ఎన్ని ట్యాంకులు కొట్టాడో చెబుతాడు. చర్మం గుండా ఎంత ఇంకిందో, ఎంత పీల్చాడో ఎలా చెప్పగలడు? పక్క చేలో కలుపు తీసే ఆడవాళ్ళు మేం మందు ముట్టుకోలేదంటారు. నిజమే, అయినా వాళ్ళ ఒంట్లోకీ పోతుంది. దాన్ని పట్టుకోవడానికే మూత్ర పరీక్ష.

క్లోర్‌పైరిఫాస్, మలాథియాన్ లాంటి, ఆర్గానోఫాస్ఫేట్ అనే రకం పురుగుమందులను శరీరం విడగొడుతుంది. ఆ ముక్కలు కొద్ది రోజుల్లోనే మూత్రంలో బయటికి పోతాయి. వాటిలో డైఆల్కైల్ ఫాస్ఫేట్లు అనే ఆరింటిని ల్యాబ్‌లో కొలుస్తారు. సూది గుచ్చే పని లేదు, పసిపిల్లల నుంచి కూడా తీసుకోవచ్చు.

ఇక్కడ ఒక చిక్కుంది. ఎండలో నీళ్ళు తాగకుండా పనిచేసిన కూలీ మూత్రం చిక్కగా ఉంటుంది, అంకె ఎక్కువ కనిపిస్తుంది. అందుకని, మూత్రం ఎంత చిక్కగా ఉందో చెప్పే క్రియాటినిన్ అనే వ్యర్థాన్ని కూడా కొలిచి సరిచూస్తారు. కానీ క్రియాటినిన్ కండ నుంచి వస్తుంది. బక్కపలచని ముసలమ్మనీ, కండ తిరిగిన కుర్రాడినీ ఆ లెక్కతో పక్కపక్కన పెడితే తప్పుదారి పడతాం. ఇంకో సంగతి, ఈ ముక్కలు పంట మీదే ఏర్పడి తిండితోనూ లోపలికి వస్తాయి. ఏ మందు నుంచి వచ్చాయో కూడా ఇవి కచ్చితంగా చెప్పవు. అన్నిటికీ మించి, నిన్నమొన్నటి సంగతే చెబుతాయి. అందుకే ఒక్క నమూనా చూసి ఎవరినీ భయపెట్టకండి, ధైర్యమూ చెప్పకండి.

అలాగని ఈ పరీక్షను తక్కువ చేయను. అమెరికాలో కాలిఫోర్నియా సలీనాస్ లోయ అంతా కూరగాయల తోటలు. అక్కడ 1999–2000లో బ్రెండా ఎస్కెనాజీ అనే పరిశోధకురాలి బృందం వ్యవసాయ కూలీ కుటుంబాల గర్భిణులను చేర్చుకుని, కడుపుతో ఉండగా రెండుసార్లు మూత్రం తీసుకుంది. పిల్లలకు ఏడేళ్ళు వచ్చాక పరీక్షిస్తే, తల్లి మూత్రంలో ఈ ముక్కలు అత్యధికంగా ఉన్న వర్గం పిల్లల ఐక్యూ, అతి తక్కువ ఉన్న వర్గం పిల్లల కంటే సగటున 7 పాయింట్లు తక్కువ తేలింది. 2011లో ఇది అచ్చయింది. పిల్లల సొంత మూత్రంలో అంత స్పష్టమైన సంబంధం కనపడలేదు. గర్భిణిని మందు కొట్టిన చేలోకి పంపొద్దని నేను ఇంత గట్టిగా చెప్పేది అందుకే.

తగ్గించుకోవచ్చా అంటారా? సియాటెల్ ప్రాంతంలో 23 మంది పిల్లలకు ఐదు రోజులు సేంద్రియ తిండి పెట్టారు. ఇక్కడ కొలిచింది ఇందాకటి ఆరింటిని కాదు, మలాథియాన్, క్లోర్‌పైరిఫాస్‌లను గుర్తుపట్టే వేరే ముక్కలను. అవి వెంటనే దాదాపు కనిపించనంతగా పడిపోయాయి. మామూలు తిండికి రాగానే మళ్ళీ పెరిగాయి. 2006లో వచ్చిన ఫలితం ఇది.

కాబట్టి నమూనా తీసుకునే రోజున మూడు సంగతులు రాయండి: చివరిసారి మందు కొట్టింది ఎప్పుడు, మూత్రం పట్టింది ఏ వేళకి, గర్భిణి అయితే ఎన్నో నెల. డబ్బాను చల్లగా ఉంచి త్వరగా పంపండి. నమూనా అడగడానికి వచ్చిన పరిశోధకులను మీరూ ఒకటి అడగండి: ఫలితం ఈ ఇంటికి ఏ నెలలో, ఎవరు వచ్చి, తెలుగులో చెబుతారు?