మన వీధిని చంపింది స్టిల్ట్ పార్కింగే!

హాయ్ అందరికీ, సూటిగా ఒక్కటే అడుగుతా. హైదరాబాద్‌లో రేపు పొద్దున్న షోరూమ్‌కెళ్ళి కారు కొన్నారనుకోండి, "ఎక్కడ పెడతావు బాబూ" అని ఒక్కళ్ళన్నా అడుగుతారా? అడగరు. అదే అపార్ట్‌మెంట్ కడితే? కారుకి చోటు చూపించకపోతే పర్మిషనే రాదు! అందుకే కింది అంతస్తు మొత్తం పిల్లర్ల మీద ఖాళీగా వదిలి కార్లకిచ్చేస్తున్నారు, అదే స్టిల్ట్ పార్కింగ్. కారు కొన్నోడి బరువంతా తీసుకెళ్ళి ఇల్లు కట్టేవాడి నెత్తిన పెట్టారు, నా గొడవంతా ఇదే.

మాల్స్‌లో పార్కింగ్ ఫీజు లొల్లి మీకు తెలిసిందే, 2018లో తెలంగాణ సర్కారు మొదటి 30 నిమిషాలు ఫ్రీ అంది. నాంపల్లి మెట్రో పక్కన పదిహేనంతస్తుల బిల్డింగ్‌లో ఆటోమేటిక్ పార్కింగ్ కూడా లేచింది. ఐనా అందరి నోటా ఒకటే పాట, పార్కింగ్ చాలట్లేదు, ఇంకా కట్టండి అని. నేను ఉల్టా చెప్తున్నా. పార్కింగ్ ఎక్కువైపోయే మన వీధి చచ్చిపోయింది.

చిక్కడపల్లిలో మా అమ్మమ్మ వాళ్ళిల్లు ఉండేది. వీధివైపు నల్లరాయి అరుగు, సాయంత్రం ఐదైతే చాలు పక్కింటి పిన్నిగారు, కూరగాయల బండాయన, ట్యూషన్ నుంచొచ్చే పిల్లలు అందరూ అక్కడే, ఎవరింట్లో ఏం వండారో ఎవరికి జ్వరమొచ్చిందో అంతా ఆ అరుగు మీదే తెలిసేది. అపార్ట్‌మెంట్ కట్టమని బిల్డర్‌కి డెవలప్‌మెంట్‌కిచ్చాం. స్టిల్ట్ ప్లస్ ఫైవ్, అంటే కింద కార్లు, పైన ఐదంతస్తులు లేచింది. ఇప్పుడక్కడ ఏముంది? పద్నాలుగు పిల్లర్లు, నేల మీద పసుపు రంగుతో ఫ్లాట్ నంబర్లు, కవర్ కప్పుకున్న కార్లు, మూలన వాచ్‌మన్ గది. వీధిలోకి చూసే కిటికీ ఒక్కటీ లేదండీ! అమ్మమ్మ మూడో ఫ్లోర్‌కెళ్ళింది, కారేమో అమ్మమ్మ అరుగు మీదికొచ్చింది.

ఇదేదో బిల్డర్ సరదాకి చేసింది కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన జీవో 168 చూడండి, జీహెచ్ఎంసీలో అపార్ట్‌మెంట్‌కి కట్టిన ఏరియాలో 30 శాతం పార్కింగ్, మల్టీప్లెక్స్‌కైతే 60 శాతం! ఒక కారు నిలబడాలంటే రెండున్నర మీటర్లు ఇంటూ ఐదు, అంటే సుమారు 135 చదరపు అడుగులు. అమీర్‌పేట హాస్టల్లో అంత గదిలో ముగ్గురు కుర్రాళ్ళు పడుకుని కోచింగ్‌లకెళ్తున్నారు. వాళ్ళకి ఇంత చోటివ్వాలని ఏ జీవో చెప్పింది?

"అన్నా, స్టిల్ట్ తీసేస్తే కార్లన్నీ రోడ్డు మీదే పెడతారు" అంటారు, తెలుసు. ఇప్పుడు పెట్టట్లేదా? మన సిటీలో ఎన్ని సెల్లార్లు గోడౌన్లయ్యాయి, షాపులయ్యాయి, వానొస్తే ఎన్ని చెరువులయ్యాయి మీరు చూడలేదా? జపాన్‌లో 1962లోనే చట్టం తెచ్చారు, ఇంటికి రెండు కిలోమీటర్ల లోపు రోడ్డు మీద కాకుండా సొంతానికో అద్దెకో చోటుందని పోలీసుల దగ్గర సర్టిఫికెట్ తెస్తేనే కారు రిజిస్ట్రేషన్. చోటు చూపించాల్సింది కారు కొన్నోడు, అంతే! టోక్యో సందుల్లో చిన్న చిన్న షాపులు రోడ్డుకి ఆనుకుని బతుకుతున్నాయంటే దీనివల్లే అని నా గట్టి నమ్మకం. అమెరికాలో బఫలో సిటీ కూడా బిల్డింగ్‌కి ఇన్ని పార్కింగులు ఉండాల్సిందే అనే రూల్‌ని 2017లో ఎత్తేసింది, కార్ల దేశం వాళ్ళే ఎత్తేశారు, మనమింకా పట్టుకుని వేలాడుతున్నాం!

ఇవాళ సాయంత్రం మీ వీధి ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్కసారి నడవండి, స్టిల్ట్‌లు ఎన్ని, మనిషి కూర్చోగలిగే అరుగులు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి, వీధి పేరుతో సహా కామెంట్‌లో పెట్టండి, నేను ప్రతి ఒక్కటీ చదువుతా.