టీఎస్‌హెచ్ నార్మల్ వచ్చింది, మరి గడ్డ సంగతేంటి?

అందరికీ నమస్కారం. టెక్కలి, మందస వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన ఆశా కార్యకర్తలే ఇక్కడ ఎక్కువ మంది ఉన్నారు, కాబట్టి కంప్యూటర్ పక్కన పెట్టి సూటిగా మాట్లాడతాను.

మన దగ్గర మెడలో గడ్డ కనిపిస్తే ఏం చేస్తారు? టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష చేయిస్తారు, నార్మల్ వస్తుంది, "థైరాయిడ్ లేదటమ్మా" అనుకుని ఇంటికెళ్లిపోతారు. ఆ పరీక్ష మెడలోని థైరాయిడ్ గ్రంథి పనితీరు చెబుతుందే గానీ అందులో ఏం పెరుగుతోందో చెప్పదు. మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్‌లో టీఎస్‌హెచ్ మామూలుగానే ఉంటుంది.

ఇది అరుదే, థైరాయిడ్ క్యాన్సర్లలో నూటికి 5 లోపే. థైరాయిడ్ హార్మోన్ చేసే కణాల్లో కాకుండా, అదే గ్రంథిలో కాల్సిటోనిన్ అనే మరో హార్మోన్ చేసే సి-కణాల్లో పుడుతుంది. ఈ కణాలు అయోడిన్‌ని తీసుకోవు, అందుకే మిగతా థైరాయిడ్ క్యాన్సర్లలో చాలావాటికి ఇచ్చే రేడియో అయోడిన్ దీనికి పనికిరాదు. గ్రంథి మొత్తాన్నీ, మెడ మధ్యలోని బిళ్లలతో (లింఫ్ గ్రంథులతో) సహా, మొదటి ఆపరేషన్‌లోనే తీసేయాలి. గడ్డలోకి సూది పెట్టి కణాలు తీసి చూసే సూది పరీక్ష కూడా ఒక్కోసారి దీన్ని పట్టుకోలేదు, అనుమానం ఉంటే రక్తంలో కాల్సిటోనిన్ చూడాల్సిందే. మెడలో గడ్డతో పాటు నెలల తరబడి విరేచనాలవుతుంటే గ్యాస్ ట్రబుల్ అని సరిపెట్టకండి.

ఇంకో మాట, ఈ క్యాన్సర్‌తో పాటు కొందరికి కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథుల్లోనూ కణితి ఉంటుంది. మత్తు ఇచ్చే ముందు ఆ గ్రంథుల్లో కణితి లేదని తేల్చుకోవాలి, అది ఉండి తెలియకపోతే ఆపరేషన్ టేబుల్ మీదే బీపీ ప్రాణం మీదకు తెస్తుంది.

ఈ క్యాన్సర్ వచ్చిన ప్రతి నలుగురిలో ఒకరికి ఇది వంశపారంపర్యం. "మాది మేనరికం కాదు కదండీ, మాకెలా వస్తుంది?" అంటారు. మేనరికంతో పని లేదమ్మా, తల్లిదండ్రుల్లో ఒక్కరికి రెట్ జన్యువులో లోపం ఉంటే చాలు, ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం. అందుకే ఈ క్యాన్సర్ వచ్చినవాళ్లు ఎవరైనా సరే రెట్ పరీక్ష చేయించాలి, లోపం బయటపడితే అన్నదమ్ములకీ, అక్కచెల్లెళ్లకీ, పిల్లలకీ కూడా. లోపం ఉన్న పిల్లలకి క్యాన్సర్ రాకముందే గ్రంథి తీసేయొచ్చు. కొన్ని లోపాలకైతే ఏడాది నిండేలోపే. ఆ తర్వాత జీవితాంతం రోజూ థైరాయిడ్ మాత్ర వేసుకోవాలి, అంతే.

మీరు చేయాల్సింది చిన్న పనే. మనిషిని వెలుతురులో కూర్చోబెట్టి ఒక గుక్క నీళ్లు మింగమనండి. గడ్డ గుటకతో పాటు పైకి కదిలితే అది థైరాయిడ్‌దే కావచ్చు, స్కాన్‌కి పంపండి. విశాఖలో అగనంపూడి హోమీబాబా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లేవాళ్లుంటే, రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, ల్యాబ్ నుంచి గడ్డ ముక్క ఉన్న స్లైడ్లూ (గాజు పలకలు), దాన్ని భద్రపరిచిన మైనపు బ్లాకులూ అడిగి తీసుకెళ్లమనండి, లేకపోతే ముక్క పరీక్ష కోసం మళ్లీ మొదటికొస్తారు.