రాహువు పాము కాదు, ఫ్లైఓవర్ ర్యాంపు

"పంచాంగంలో రాసిన నిమిషానికే గ్రహణం పట్టింది కదరా, మరి అందులో ఉన్న మిగతావి మాత్రం అబద్ధమెలా అవుతాయి?" మా పెద్దమ్మ ప్రతి గ్రహణానికీ ఇదే అడుగుతుంది. చాలా మంచి ప్రశ్న అండి. "అదంతా మూఢనమ్మకం" అని కొట్టిపారేసేవాళ్లంటే నాకు చిరాకు, "చూశారా, లెక్క నిజమైందంటే అన్నీ నిజమే" అని కడుపుతో ఉన్న అమ్మాయిని చీకటి గదిలో పెట్టి తలుపేసేవాళ్లంటే అంతకు రెండింతలు చిరాకు. ఇద్దరూ రాహువు ఎవరో తెలుసుకోకుండానే పోట్లాడుకుంటున్నారు.

గ్రహణం నీడ వల్ల వస్తుందని మీకు తెలుసు, దాని మీద టైము పెట్టను. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలోనే ఉంది ఆ మాట: సూర్యుణ్ణి చంద్రుడు కప్పుతాడు, చంద్రుణ్ణి భూమి నీడ కప్పుతుంది. మరి అది తెలిసి కూడా మనవాళ్లు పంచాంగంలో రాహువుని ఎందుకు ఉంచారు? ఎందుకంటే రాహువు లేకపోతే గ్రహణం లెక్క తేలదు.

విజయవాడ బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ గుర్తుతెచ్చుకోండి. (స్క్రీన్ మీద బొమ్మ) కింద రోడ్డు సూర్యుడిది. చంద్రుడు అదే దిక్కుకి వెళ్తాడు గానీ సగం నెల ఫ్లైఓవర్ మీద, మిగతా సగం అండర్‌పాస్‌లో వెళ్తాడు. బెంజ్ సర్కిల్‌లో అండర్‌పాస్ లేదు, ఉందనుకుందాం. ప్రతి అమావాస్యకీ చంద్రుడు సూర్యుణ్ణి దాటాల్సిందే. అయితే ఆ టైముకి ఆయన ఫ్లైఓవర్ పైన ఉంటే పైనుంచి వెళ్లిపోతాడు, అండర్‌పాస్‌లో ఉంటే కిందనుంచి వెళ్లిపోతాడు, సూర్యుడికి ఏమీ కాదు. ప్రతి అమావాస్యకీ గ్రహణం ఎందుకు రాదు అంటే ఇదే. రెండు దారుల మధ్య వాలు సుమారు అయిదు డిగ్రీలు, చంద్రుడి వెడల్పు అర డిగ్రీ, అంటే ఫ్లైఓవర్ ఎత్తు దాదాపు పది చందమామలంత.

ఇద్దరూ ఒకే లెవెల్‌కి వచ్చేది ర్యాంపు రోడ్డుని తాకే రెండు చోట్లే. చంద్రుడు పైకెక్కే చోటు రాహువు. కిందికి దిగే చోటు కేతువు. అంతే! అవి గ్రహాలు కావు, పాములు కావు, రెండు చోట్లు. పౌర్ణమికీ ఇదే కథ, భూమి నీడ సూర్యుడికి సరిగ్గా ఎదురుగా అదే కింద రోడ్డు మీద ఉంటుంది, చంద్రుడు ర్యాంపు దగ్గర ఉన్నప్పుడే అందులో దూరతాడు.

ఇప్పుడు ఇంట్లో ఎవరి జాతకచక్రమైనా తీసి చూడండి. రాహువు ఒక గడిలో ఉంటే కేతువు సరిగ్గా ఏడో గడిలో ఉంటాడు, ఎవరి జాతకమైనా సరే. ర్యాంపులు ఎదురెదురు చివర్లు కాబట్టి! మిగతా గ్రహాలు ముందుకి నడుస్తుంటే వీళ్లిద్దరూ ఎప్పుడూ వెనక్కే ఎందుకు నడుస్తారు? ర్యాంపులే మెల్లగా వెనక్కి జరుగుతుంటాయి, చుట్టూ తిరిగి రావడానికి పద్దెనిమిదిన్నరేళ్లు పడుతుంది. ఇది చూసి కనిపెట్టినవాళ్ల ఓపికకి నాకు నిజంగా చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. పెద్దమ్మా, పంచాంగం కరెక్టవ్వడానికి కారణం ఈ లెక్క. పాము మింగితే నిమిషం చెప్పడం ఎవరి తరం?

ఇక అసలు విషయం. 2025 సెప్టెంబర్ 7, ఆదివారం రాత్రి. పదకొండుకి చంద్రుడు పూర్తిగా నీడలోకెళ్లి రాగి చెంబులా అయ్యాడు, మేమంతా డాబా మీద. గుంటూరులో పుట్టింట ఉన్న మా వదినకి ఏడో నెల. మధ్యాహ్నం నుంచి తిండి లేదు, రాత్రి పది ముందు నుంచి ఒంటిగంటన్నర దాకా వెల్లకిలా కదలకుండా పడుకోబెట్టారు, గోక్కోకూడదు, పక్కకి తిరగకూడదు, దాహమన్నా ఇవ్వలేదు. ఎందుకంటే బిడ్డకి గ్రహణం మొర్రి వస్తుందట. ఫోన్లో గట్టిగా చెప్పలేకపోయాను, అది నాకు ఇప్పటికీ బాధే.

బిడ్డ పై పెదవి అతుక్కోవడం ఏడో వారానికల్లా అయిపోతుందండి, ఏడో నెలకి కాదు, ఏడో వారానికి. చాలామందికి అప్పటికి నెల తప్పిన సంగతే సరిగ్గా తెలీదు. అది అతుక్కోకపోవడానికి వంశంలో ఉండటం, పొగ, ఫోలిక్ యాసిడ్ తక్కువవడం, కొన్ని రకాల మందులు కారణమవుతాయి. ఆ రాత్రి వదిన కత్తిపీట పట్టుకున్నా బిడ్డ పెదవికి ఏమీ కాదు, నీళ్లు లేకపోవడం మాత్రం తల్లికీ బిడ్డకీ మంచిది కాదు. పైగా మొర్రితో పుట్టిన బిడ్డని చూసి "నువ్వు ఆ రోజు ఏం కోశావు?" అని తల్లిని జీవితాంతం అడుగుతారు, మన భాషలో ఆ జబ్బుకున్న పేరే తల్లి మీద నింద. పెదవికి ఆపరేషన్ మూడు నుంచి ఆరు నెలల వయసులో చేస్తారు, చక్కగా బాగవుతుంది. ఉపవాసం నియమంలో కూడా పిల్లలకీ, వృద్ధులకీ, ఒంట్లో బాగాలేనివాళ్లకీ సడలింపు ఉంది, పంచాంగం తిరగేసేవాళ్లు ఆ లైను కూడా చదవాలి కదా.

టైము అయిపోతోంది, గబగబా చెప్తాను. రోకలి పళ్లెంలో నిలబడటం: అడుగు చదునుగా ఉంటే ఏ రోజైనా నిలబడుతుంది, మా ఇంట్లో ఒక మామూలు మంగళవారం మూడోసారికే నిలబడింది. ఆవకాయ జాడీ మీద దర్భ: వేసుకోండి, ఎవరికీ నష్టం లేదు. పట్టు స్నానం, విడుపు స్నానం, కృష్ణలో మునగడం, జపం, అవి మీ ఇష్టం, నేను కాదనను. చంద్రగ్రహణం కళ్లతో హాయిగా చూడొచ్చు. సూర్యగ్రహణం మాత్రం ఎక్స్‌రే ఫిల్ములోంచి, పసుపు నీళ్ల పళ్లెంలో చూడొద్దు, కంటి లోపల కాలిపోతుంది, నొప్పి కూడా తెలీదు. వేపచెట్టు కింద నిలబడి నేల చూడండి, ఆకుల సందుల్లోంచి పడే ప్రతి వెలుగు చుక్కా నెలవంకలా ఉంటుంది.

ఆఖరుగా మన గుంటూరు సంగతి, ఇది చెప్పకుండా ఆపలేను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం గుంటూరు మీదుగా వెళ్లింది. జాన్సెన్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త దానికోసమే ఇక్కడికొచ్చాడు, మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పోగ్సన్ మచిలీపట్నంలో దిగాడు. సూర్యుడి అంచున లేచిన మంటల వెలుగుని విడదీసి చూస్తే, ఆ రోజు మన దగ్గర చూసినవాళ్లకి ఒక పసుపు గీత కనిపించింది. మొదట సోడియం అనుకున్నారు. తర్వాత ఇంగ్లండ్‌లో లాకియర్ అనే శాస్త్రవేత్త కాదని తేల్చాడు, ఆ గీత హీలియం అనే కొత్త వాయువుది, అది భూమ్మీద 1895 దాకా దొరకలేదు. గుంటూరులో జాన్సెన్‌కి ఆ మంటల వెలుగులోని గీతలు ఎంత ప్రకాశంగా కనిపించాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చేమో అనిపించింది. గ్రహణం విడిచిన మర్నాడు, 19న పొద్దున, మామూలు ఎండలో మళ్లీ పరికరం తిప్పాడు. కనిపించాయి.