నాలుగో కాలు
(కుక్కలు పెంచుకునేవాళ్ల ఆదివారం సమావేశంలో ఒక గ్రూమర్ చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. సెలవు రోజు పొద్దున్నే ఇంతమంది వచ్చారంటే, స్నానం మాట వినగానే మంచం కిందికి దూరే శాల్తీ మీ అందరి ఇళ్లలోనూ ఒకటి ఉందన్నమాట.

పదకొండేళ్లుగా కుక్కలకి స్నానం చేయించి, జుట్టు కత్తిరించి, గోళ్లు తీసి బతుకుతున్నాను. మా అమ్మ చుట్టాలకి "మావాడు సెలూన్ నడుపుతున్నాడు" అంటుంది. సెలూన్ ఎవరికో మాత్రం చెప్పదు.

ముందు నా తప్పుతో మొదలుపెడతాను. నాలుగేళ్ల కిందట చింటూ అని ఒక తెల్లవాడు వచ్చాడు. మనం పొమేరియన్ అని పిలుస్తాం కానీ మన దగ్గర కనిపించేవాటిలో చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లే, వీడూ అంతే. మూడు కాళ్ల గోళ్లు తీసేదాకా బాగానే ఉన్నాడు. నాలుగోది పట్టుకోగానే లాక్కున్నాడు. వాళ్ల సారు ఫోన్లోంచి తల ఎత్తకుండానే "కానివ్వండి, వాడెప్పుడూ అంతే" అన్నారు. బయట ఇంకో ఇద్దరు ఎదురుచూస్తున్నారు. ఒక్క కాలే కదా అని గట్టిగా అదిమిపట్టాను. వాడు ఎగిరాడు, కట్టర్ లోపలికి దిగింది. నల్లగోరులో రక్తనాళం ఎక్కడిదాకా ఉందో పైకి కనపడదు. రక్తం వచ్చింది, ఆపే పొడి అద్దితే రెండు నిమిషాల్లో ఆగింది. పెద్ద గాయమేమీ కాదు.

కానీ ఆ తర్వాత చాలా నెలలు చింటూ మా వీధి మలుపు దగ్గరికి రాగానే చతికిలబడేవాడు. అక్కడినుంచి మా షాపు బోర్డు కూడా కనిపించదు. పావ్లోవ్ కుక్కల పాఠం బడిలో అందరం చదివాం. తిండికి ముందు వినపడే చప్పుడుకే నోరూరడం నేర్చుకున్న జీవి, నొప్పికి ముందు వచ్చే మలుపు చూసి వణకడం కూడా నేర్చుకుంటుంది. చింటూకి నేను నేర్పిన పాఠం అది, ఒక్క క్లాసులో.

ఒకసారి మా టేబుల్ మీద మీరున్నారనుకోండి. కాళ్లకింద స్టీలు, జారుతుంది. అందుకే నేను రబ్బరు మ్యాట్ వేస్తాను, వేయని చోట మీరే అడగండి. చెవి పక్కన డ్రయ్యర్ హోరు. మనం 20 వేల హెర్ట్జ్‌ల దాకా వింటే కుక్క 45 వేల దాకా వింటుంది, అంటే మనకి అసలు వినపడని కీచు కూడా దానికి వినపడుతుంటుంది. అంతకుముందు వచ్చిన కుక్కలు భయపడి వదిలిన వాసనలు ఇంకా అక్కడే ఉన్నాయి. పైగా ముక్కూమొహం తెలియనివాడొకడు మీ పాదం పట్టుకుని వదలడు. పారిపోయే దారి లేకపోతే మీరైనా కరుస్తారు.

భయం కరవడంతో మొదలవదు. చాలాముందే చెబుతుంది, మనమే చదవం. కుక్కకి పాదాల అడుగున చెమట పడుతుంది. కొన్ని కుక్కలని టేబుల్ ఎక్కించిన కాసేపటికి స్టీలు మీద తడి అడుగులు కనిపిస్తాయి. స్నానం ఇంకా మొదలే కాలేదు, నీళ్లెక్కడివి? టెన్షన్‌వి. నిద్రలేకుండానే ఆవులింతలు, ఏమీ తినకుండానే మూతి నాక్కోవడం, తల తిప్పకుండా కన్ను మాత్రం తిప్పి చూడటంతో కంట్లో తెల్లభాగం చంద్రవంకలా బయటపడటం, ఒళ్లు దువ్వకుండానే బొచ్చు రాలడం. ఇంట్లో ప్రాణం పెట్టే చికెన్ ముక్క ఇక్కడ మూతి దగ్గర పెట్టినా తీసుకోలేదంటే, ఇక నేను కత్తెర పక్కన పెట్టాల్సిందే.

నాకు అందరికన్నా దిగులు పుట్టించేది బొమ్మలా నిలబడిపోయే కుక్క. "చూశారా, ఎంత బుద్ధిగా ఉన్నాడో" అని మురిసిపోతారు ఇంటివాళ్లు. అది బుద్ధి కాదు, బిగుసుకుపోవడం.

మొరిగే కుక్క కరవదని సామెత. మొరిగేవీ కరుస్తాయి, నా చెయ్యి చూపిస్తాను కావాలంటే. కానీ గుర్రుమన్నందుకు దెబ్బలు తిన్న కుక్క ఇంకా ప్రమాదం. గుర్రుమనడం మాట చెప్పడమే, "ఆపు, నాకు భయమేస్తోంది" అని. ఆ మాటకి చెంపదెబ్బ పడితే భయం తగ్గదు, మాట మానేస్తుంది. తర్వాత నేరుగా పళ్లే. గుర్రుమనే కుక్కని తెచ్చినవాళ్లు సిగ్గుపడి దాన్ని తిడుతుంటారు. నేనైతే ఆ కుక్కకే థాంక్స్ చెబుతాను.

సరే, ఏం చేయాలి? అసలు పని మా షాపులో కాదు, మీ సోఫా మీద జరగాలి. రోజుకి రెండు నిమిషాలు చాలు. ముందు కాలు ముట్టుకోండి, వెంటనే చిన్న ఉడికించిన చికెన్ ముక్క. వరస ముఖ్యం. ముక్క చూపించి మభ్యపెట్టి కాలు పట్టుకుంటే, రెండోరోజునుంచి చికెన్‌ని చూసినా అనుమానమే. ముట్టుకోవడం అలవాటయ్యాక పట్టుకోవడం, తర్వాత ఒక్కో వేలు విడదీయడం, తర్వాత కట్టర్ గోటికి తాకించి తీసేయడం. కాలు లాక్కుందంటే మీరు తొందరపడ్డారని అర్థం, ఒక మెట్టు వెనక్కి దిగండి. ఇంట్లో మగవాళ్ల గడ్డం ట్రిమ్మర్ ఉంటుందిగా, కుక్క అన్నం తినేటప్పుడు పక్కగదిలో ఆన్ చేసి పెట్టండి. తినడం ఆపకపోతే కొన్నాళ్లకి ఇంకాస్త దగ్గరికి. పళ్లేనికి పల్చగా పెరుగు పూసి గోడకి ఆనించి పట్టుకుంటే, అది నాకుతున్నంతసేపు మీరు దువ్వుకోవచ్చు. పెరుగు బదులు పీనట్ బటర్ వాడేవాళ్లు డబ్బా వెనక చదవండి. జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటే కుక్కకి విషం.

దువ్వడం అన్నాను కాబట్టి ఒక ముక్క. భయపడి దువ్వించుకోని కుక్కకి జుట్టు ఉండకడుతుంది. ఆ ఉండ అడుగున చర్మాన్ని పట్టి లాగుతుంటుంది, దానితో ముట్టుకుంటేనే నొప్పి, నొప్పితో ఇంకా భయం. షిట్జూలు పెంచేవాళ్లు పైపైన బ్రష్ తిప్పి అయిందనుకోకండి, దువ్వెన చర్మందాకా దిగాలి. ఇక ఎండాకాలమని లాబ్రడార్‌కో, హస్కీకో గుండు కొట్టమని నన్ను అడగొద్దు. ఆ రెండు పొరల బొచ్చే దానికి ఎండనుంచి కాపు.

షాపుకి తెచ్చేటప్పుడు నిజం చెప్పండి. ఇదివరకు కరిచి ఉంటే కరిచిందని చెప్పండి. "అబ్బే, మావాడు బంగారం" అని వదిలిపోయినవాళ్ల బంగారాలే నా చేతిమీద ఉన్నాయి. రేబిస్ టీకా కాగితం అడిగితే విసుక్కోకండి. అన్నట్టు, మీ కుక్కే అయినా, టీకా వేసిందే అయినా, పన్ను దిగితే 15 నిమిషాలు సబ్బుతో ధారగా కడిగి అదేరోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పసుపు, కారం పెట్టొద్దు.

మూతికి బుట్ట పెడితే కొందరికి కళ్లనీళ్లే. కానీ బుట్టలాంటి మజిల్‌లో కుక్క రొప్పగలదు, నీళ్లు తాగగలదు, సందుల్లోంచి ముక్క తినగలదు. బిగించి కట్టే గుడ్డదాంతో రొప్పలేదు, వేడెక్కిపోతుంది. బుట్టకి లోపల పెరుగు రాసి ఇంట్లోనే ఆడుతూ అలవాటు చేయండి. పగ్‌లాంటి చప్పిడిముక్కువాళ్లని వేడిగాలి వచ్చే పెట్టెలో పెట్టి ఆరబెడుతున్నారేమో తప్పకుండా చూడండి. పెట్టొద్దని చెప్పండి.

నిన్నమొన్నటిదాకా బాగా ఉన్న కుక్క ఉన్నట్టుండి చెవి ముట్టుకోనివ్వట్లేదంటే ముందు వెటర్నరీ డాక్టర్. లోపల చెవిపోటో, ముసలిదైతే కీళ్లనొప్పో ఉండొచ్చు. కొన్ని కుక్కలకి భయం తగ్గే మందు కూడా అవసరమవుతుంది, అందులో నామోషీ లేదు. కానీ అది డాక్టర్ రాయాలి. మీ ఇంట్లో తాతగారి నిద్రమాత్ర కాదు. ఒళ్లు మత్తెక్కి మనసు మాత్రం భయంతోనే ఉండిపోయే మందులున్నాయి, కుక్క పడుకుంది కాబట్టి భయం పోయిందనుకుంటాం. దీపావళి వారంలో అయితే అపాయింట్‌మెంటే వద్దు, టపాసులతో అప్పటికే అవి సగం చచ్చి ఉంటాయి.

నేను మారింది ఒక్కదాంట్లో. సగం పని చేసి పంపించేస్తాను. దీనికి తిట్లు బాగానే తిన్నాను. ఒక షిట్జూ ఒకవైపు మీసంతో పెళ్లికి వెళ్లింది, ఫొటోల్లో ఉందట. సగానికి సగం డబ్బులే తీసుకుంటాను, మిగతాది ఇంకోరోజు.

చింటూ విషయంలో వాళ్ల మేడమ్ పట్టుబట్టారు. నెలరోజులు మలుపుదాకా వచ్చి, ఒక ముక్క పెట్టి, తిరిగి వెళ్లిపోవడం. తర్వాత మా మెట్లదాకా. తర్వాత లోపలికొచ్చి, టేబుల్ వాసన చూసి, పనేం చేయించుకోకుండా ఇంటికి. ఆపైన ఒక్కోసారి ఒక్కో కాలు. డ్రయ్యర్ వాడికి ఇప్పటికీ పడదు, టవల్‌తో తుడిచి ఎండలో నిలబెడతాం. పోనిద్దురూ.

వాడే బయట చెట్టుకింద ఉన్నాడు, మేడమ్‌తో. పోయినవారంతో మూడు కాళ్లయ్యాయి. మీ ముందు నాలుగోది ప్రయత్నిస్తాను. ఫోన్లు సైలెంట్‌లో పెట్టండి. వాడు లోపలికొచ్చాక ఎవరూ పేరుపెట్టి పిలవకండి, చప్పట్లు కొట్టకండి, కళ్లలోకి చూడకండి. ముందువరుసలో ఉన్నవాళ్లు కుర్చీలు కాస్త వెనక్కి జరుపుకోండి. కాలు లాక్కున్నాడంటే మాత్రం ఇవాళ్టికి అంతే, టీ తాగి వెళ్లిపోదాం.