చిన్న హాల్లో కచేరీ, చేతిలో ఒక్క రికార్డరు

శ్రోతలకు నమస్కారం.

వంద మంది పడితే గొప్ప అనిపించే చిన్న హాలు. ఓ మూల వేదిక, దాని మీద డ్రమ్స్, బేస్ గిటారు, లీడ్ గిటారు, పాడే అమ్మాయి. ఆ రాత్రి వాళ్ల ప్రోగ్రాం రికార్డు చేసే పని మీ మీద పడింది. మీ దగ్గరున్నవి అరచేతిలో ఇమిడే రికార్డరు, ఓ స్టాండు, హెడ్‌ఫోన్లు, అంతే. వీటితో పదిమందికి వినిపించదగ్గ రికార్డింగు వస్తుందా? నిక్షేపంగా వస్తుంది. ఆ స్టాండు ఎక్కడ పెడతారన్నది మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు.

1925కు ముందు రికార్డింగుల్లో మైకు వాడకం దాదాపు లేనట్టే. కళాకారులంతా పెద్ద గరాటు లాంటి కొమ్ము ముందు గుమిగూడి పాడేవారు, వాయించేవారు. ఆ శబ్దానికి కొమ్ము చివరనున్న పలుచని పొర అదిరి, దానికి తగిలించిన సూది మైనపు పలక మీద గాడి గీసేది. ఫలానా వాద్యం పెంచుదామంటే తిప్పడానికి నాబ్ ఏదీ లేదు. ట్రంపెట్ లాంటివి వెనక్కి, వయొలిన్లు ముందుకు జరిపేవారు. గాయకులు పైస్థాయికి వెళ్లినప్పుడు ఓ అడుగు వెనక్కి వేసేవారు. మిక్సింగ్ అంతా కాళ్లతోనే!

మైకులు, వాటి శబ్దాలను కలిపి హెచ్చుతగ్గులు సర్దే మిక్సర్లు వచ్చాక కూడా ఆ పద్ధతి పూర్తిగా పోలేదు. 1987లో కెనడా బ్యాండు కౌబాయ్ జంకీస్ టొరంటోలోని హోలీ ట్రినిటీ చర్చిలో ఒకే ఒక్క మైకు చుట్టూ చేరి ఆల్బమ్ రికార్డు చేసింది. గాయని గొంతు స్పీకర్లోంచి వచ్చి ఆ మైకులో పడింది. మిగతా వాళ్లు దానికి తగ్గట్టు దగ్గరగానో దూరంగానో సర్దుకున్నారు.

సరే, మన హాలుకు వద్దాం. రికార్డరులోని మైకుకు రెండు రకాల శబ్దం చేరుతుంది. ఒకటి వాద్యం నుంచి నేరుగా వచ్చేది, రెండోది గోడలకు, కప్పుకు తగిలి తిరిగొచ్చేది. దూరం రెట్టింపైతే నేరుగా వచ్చేది 6 డెసిబెల్స్ (శబ్ద తీవ్రతకు కొలత) తగ్గుతుంది. గోడల నుంచి వచ్చేది మాత్రం హాల్లో ఎక్కడైనా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. అందుకే వెనక్కి పోయేకొద్దీ పాట బావిలోంచి వస్తున్నట్టు ఉంటుంది. మరీ ముందుకు పోతే డ్రమ్స్ తప్ప ఇంకేమీ వినపడదు. సరైన చోటు ఈ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది, దాన్ని వెతికి పట్టుకోవాలి.

దీనికి కానీ ఖర్చు లేని ఉపాయం ఉంది. ప్రోగ్రాంకు ముందు బ్యాండు వాయించి చూసుకునే సౌండ్ చెక్ జరుగుతుండగా ఒక చెవి గట్టిగా మూసుకుని వేదిక ముందు అటూ ఇటూ తిరగండి. రెండు చెవులతో వింటే మన మెదడు గదిలోని గోలను పక్కకు నెట్టి పాటను వినిపిస్తుంది. మైకుకు ఆ తెలివి లేదు. ఒంటి చెవితో వింటే దాని గతి ఏమిటో మనకు తెలుస్తుంది. పాడే మాటలు స్పష్టంగా, డ్రమ్స్ దెబ్బ గట్టిగా, గిటారు విడిగా వినిపించే చోట ఆగండి. చాలాసార్లు అది వేదికకు రెండు మూడు మీటర్ల దూరంలో, రెండు స్పీకర్లకూ మధ్యలో దొరుకుతుంది. స్టాండును తలల కన్నా పైకి లేపండి, లేకపోతే ముందు నిలబడ్డ పొడుగాటాయన వీపు రికార్డవుతుంది. మూలల్లో, వెనక గోడకు ఆనుకుని మాత్రం వద్దు. బేస్ అంతా అక్కడే పోగై బొయ్యిమంటుంది.

రికార్డరులో మైకులు కదలకుండా బిగించి ఉంటే ఇంకేం చేయక్కర్లేదు. విడిగా రెండు మైకులుంటే, 1960 ప్రాంతంలో ఫ్రెంచ్ రేడియో వాళ్లు కుదిర్చిన పద్ధతి చూడండి. మైకుల మధ్య 17 సెంటీమీటర్ల ఎడం, రెండూ బయటికి తిరిగి 110 డిగ్రీల కోణం. మన రెండు చెవుల మధ్య ఎడం కూడా ఇంచుమించు అంతే. హెడ్‌ఫోన్లలో వింటే గిటారు ఏ పక్క నుంచి వస్తోందో తెలిసిపోతుంది.

హాలు మిక్సర్ నుంచి నేరుగా రికార్డరుకు వైరు లాగేస్తే సరిపోదా అంటారేమో. చిన్న హాల్లో అదే చిక్కు. డ్రమ్స్, గిటారు ఆంపు (గిటారు శబ్దాన్ని పెంచే పెట్టె) అసలే గట్టిగా మోగుతుంటాయి కాబట్టి సౌండ్ ఆయన వాటిని స్పీకర్లలోకి పెద్దగా పంపడు. ఆ వైరులో గొంతు ఒక్కటే చెవి పక్కన పాడుతున్నట్టు వస్తుంది, బ్యాండు పక్క ఊళ్లో ఉన్నట్టుంటుంది. అయినా కుదిరితే అదీ తీసుకోండి. మైకు రికార్డింగులో బ్యాండు ఉంటుంది, మిక్సర్ రికార్డింగులో గొంతు ఉంటుంది, రెండూ కలిపితే పాట నిండుగా తయారవుతుంది. అయితే శబ్దం ఒక మీటరు నడవడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది. మైకు స్పీకర్లకు పది మీటర్ల దూరంలో ఉంటే దాని రికార్డింగు సుమారు 29 మిల్లీసెకన్లు వెనకబడుతుంది. కలిపేటప్పుడు మిక్సర్ ట్రాకు ఆ మేరకు ఆలస్యంగా మొదలయ్యేలా జరపాలి. రెండూ వేరువేరు రికార్డర్లైతే వాటి గడియారాలు కూడా కచ్చితంగా ఒకేలా నడవవు. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టి పెట్టుకుంటే ఎంత తేడా వచ్చిందో కనిపెట్టడం సులువు.

ఇక లెవెల్ సంగతి, అంటే రికార్డరు శబ్దాన్ని ఎంత గట్టిగా తీసుకోవాలన్నది. సౌండ్ చెక్‌లో వాయించిన దానికన్నా జనం ముందు ఎవరైనా గట్టిగా వాయిస్తారు, గాయని కూడా గొంతు పెంచుతుంది. అందుకే రికార్డరు తెర మీద శబ్దం చూపే మీటరు ఎక్కువలో ఎక్కువ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా పెట్టండి. రికార్డరు సెట్టింగుల్లో 24 బిట్ ఎంచుకుని రికార్డు చేస్తే తక్కువగా వచ్చింది తర్వాత పెంచుకోవచ్చు, పగిలిపోయిన సౌండును బాగుచేయడం చాలా కష్టం. లెవెల్‌ను రికార్డరే పెంచుతూ తగ్గిస్తూ పోయే ఆటో లెవెల్ ఆపేయండి. అది ఉంటే పాట ఆగిన ప్రతిసారీ జనం కబుర్లు పైకి లేస్తాయి. ఇంకో సంగతి, ఖాళీ హాలు ఎక్కువ మోగుతుంది, జనం నిండాక వాళ్ల ఒళ్లూ బట్టలూ ఆ మోతను కొంత పీల్చేస్తాయి. సౌండ్ చెక్‌లో కాస్త ఎక్కువ మోగినా టెన్షన్ పడకండి.

ఫ్యాను గాలి మైకు మీదికి రాకుండా చూసుకోండి. బ్యాటరీలు కొత్తవి వేయండి. బ్యాండునూ, హాలు వాళ్లనూ ముందే అడగండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో స్టీరియో గంటకు ఒక జీబీ పైచిలుకు తింటుంది, కార్డులో ఆ జాగా ఉందో లేదో చూసుకోండి.

ప్రోగ్రాం అయ్యాక ఇంటికెళ్లి ముందు ఫైళ్లు రెండు చోట్ల కాపీ చేసి, ఆ తర్వాతే కార్డు ఖాళీ చేయండి. బ్యాండుకు వినిపిస్తే డ్రమ్మరు డ్రమ్స్ చాల్లేదంటాడు, గిటారిస్టు గిటారు చాల్లేదంటాడు. ఎవరి చెవి వాళ్ల వాద్యం మీదే ఉంటుంది మరి. అప్పుడు ఆ రాత్రి హాల్లో కూర్చుని విన్నవాళ్లలో ఒకరిని పిలిచి వినిపించి, వాళ్ల మాట ప్రకారం సర్దండి.

నమస్కారం.